ఒక్క అచ్చుతప్పు మాత్రమే దొరికింది

దాదాపు ఆరు నెలలు మావాడి మెడను సబ్బు పెట్టి రుద్దాం. మెడ వెనక నల్లగా, కాస్త మందంగా, ముఖమలు గుడ్డను తడిమినట్టు ఒక పట్టీ. మా ఆవిడ రుద్దేది, వాడు ఏడ్చేవాడు, "పదేళ్ళొచ్చాయి, ఇంకా స్నానం చేయడం రాదా" అని నేను గదమాయించేవాణ్ణి. చివరికి ఏదైనా పూత మందు రాస్తారేమోనని చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ వాడి మెడ చూశారు, చంకలు చూశారు, "ఇది మురికి కాదండీ, పిల్లల డాక్టరుకు చూపించండి" అని చీటీ రాసిచ్చారు.

దాని పేరు అకాంథోసిస్ నైగ్రికాన్స్. శరీరం ఇన్సులిన్ మాట సరిగ్గా విననప్పుడు క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్‌ను వదులుతుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ చర్మకణాలను కూడా పెరగమని తరుముతుంది. మెడ దగ్గర, చంకల్లో, మడతలు పడే చోట చర్మం మందమై నల్లబడుతుంది. రుద్దితే పోయేది కాదు. తిరిగి వస్తున్నప్పుడు బస్సులో మా ఆవిడ వాడి మెడ మీద చెయ్యి వేసి కూర్చుంది. దారి పొడవునా ఎవరమూ మాట్లాడలేదు.

పిల్లల డాక్టరు తక్కువ మాట్లాడే మనిషి. ఎత్తు 141 సెంటీమీటర్లు, బరువు 46.2 కిలోలు అని రాసుకుని, ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పెరుగుదల పటం తీసి అందులో ఒక చుక్క పెట్టారు. ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే బీఎంఐ అనే అంకెకు గుర్తు ఆ చుక్క. దానికి పెద్దవాళ్ళకు వాడే 25, 30 లెక్కలు పిల్లలకు పనికిరావు. వయసును, ఆడా మగా తేడాను బట్టి గీతలు మారుతుంటాయి. 5 నుంచి 19 ఏళ్ళ వాళ్ళలో మధ్య గీత నుంచి ఒక మెట్టు పైకి దాటితే అధిక బరువు, రెండు మెట్లు దాటితే ఊబకాయం. మావాడి చుక్క రెండో మెట్టు మీద కూడా ఆగలేదు. "బొద్దుగా ఉన్నాడు" అని ఇంటికొచ్చిన వాళ్ళంతా వాడి బుగ్గలు గిల్లి మరీ మెచ్చుకున్న మాటకు వైద్యంలో పేరు అది.

రక్తపరీక్షలు, కడుపు స్కానింగ్ అయ్యాయి. పరగడుపున తీసిన చక్కెర హద్దులోనే ఉంది. కాలేయానికి సంబంధించిన ఏఎల్‌టీ అనే అంకె 78. ఆ ల్యాబ్ కాగితం మీద హద్దు 40. స్కానింగ్‌లో కాలేయంలో కొవ్వు కనిపించింది. కాలేయంలో కొవ్వు అంటే తాగుబోతుల జబ్బు అనుకునేవాణ్ణి నేను. అదే మాట అడిగితే డాక్టరు గారు, "ఈ రోజుల్లో పిల్లల్లో తరచూ చూస్తున్నామండీ" అన్నారు. 2022లో ప్రపంచం మొత్తం మీద 5 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో 39 కోట్లమందికి పైగా అధిక బరువుతో ఉన్నారని, వాళ్ళలో 16 కోట్లమందిది ఊబకాయమని ఆ రాత్రి చదివాను. అంతమంది తోడు ఉన్నా నాకేమీ ఊరట కలగలేదు.

"మందేమీ లేదా?" అని అడిగాను. లేదన్నారు. పెరిగే పిల్లవాడు కాబట్టి బరువు తగ్గించాల్సిన పని కూడా లేదని, బరువు ఉన్నచోట ఉంటే ఎత్తు దానంతటదే లెక్క సరిచేస్తుందని చెప్పారు. తరువాత ఒక పని అప్పగించారు. పద్నాలుగు రోజులు ఏమీ మార్చకూడదు. వాడు తిన్నదల్లా, తాగినదల్లా ఏ వేళకో రాయాలి. ఖాళీ అయిన ప్రతి ప్యాకెట్టూ పారేయకుండా ఒక సంచిలో దాచి తేవాలి.

"మార్చకుండానా?" అంది మా ఆవిడ, నమ్మలేనట్టు.

"మార్చితే నాకేం తెలుస్తుందమ్మా?"

ఇక్కడ నా వృత్తి గురించి చెప్పాలి. నేను ప్రూఫులు దిద్దుతాను. 22 ఏళ్ళుగా కొమ్ములు, దీర్ఘాలు, ఒత్తులు, చుక్కలు వెతికి పట్టుకోవడమే నా కూడూ గుడ్డా. మందుల షాపు రసీదులో కూడా తప్పు కనిపిస్తే చెయ్యి పెన్సిలు కోసం వెతుకుతుంది. అలాంటివాణ్ణి, పదేళ్ళుగా నా చేతులతో చింపి కొడుక్కి అందించిన ప్యాకెట్ల వెనక వైపు ఏం అచ్చయి ఉందో ఒక్కసారి చదవలేదు. ముందు వైపు చదివేవాణ్ణి, అది పెద్ద అక్షరాల్లో ఉంటుంది కాబట్టి. పుస్తకం అట్ట చూసి తప్పుల్లేవని సంతకం పెట్టినట్టు.

పద్నాలుగో రోజు రాత్రి సంచిని బల్ల మీద బోర్లించాం. 43 ప్యాకెట్లు. మా ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టింది, నా లెక్క మీద నమ్మకం లేక. బిస్కెట్లు, చిప్స్, నూడుల్స్, పండ్లరసం డబ్బాలు, కూల్ డ్రింకు సీసాలు, చాక్లెట్లు, పాలలో కలిపే పొడి డబ్బా ఒకటి. బయట తిన్న బర్గర్లు, పిజ్జాలు, వేయించిన చికెన్ ఈ లెక్కలో లేవు. వాటి సంగతి తరువాత చెబుతాను. భూతద్దం, పెన్సిలు, తెల్లకాగితం తీసుకుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నేను వెతికింది అబద్ధాల కోసం. ఏదో ఒక కంపెనీ నన్ను మోసం చేసి ఉంటుంది, అది పట్టుకుంటే నా తప్పు సగం తగ్గుతుంది అని లోపల ఒక ఆశ.

మొదట చేతికొచ్చింది నూడుల్స్. సోడియం 580 మిల్లీగ్రాములు అని ఉంది. పెద్దవాళ్ళకు రోజుకు 2,000 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఫరవాలేదే అనుకున్నాను. పైన ఇంకా చిన్న అక్షరాల్లో మరో వాక్యం ఉంది. ఆ 580 ఒక సర్వింగ్‌కు. ఒక సర్వింగ్ అంటే 35 గ్రాములు. ప్యాకెట్ 70 గ్రాములు. అంటే కంపెనీ లెక్కలో ఆ ప్యాకెట్‌ను ఇద్దరు తింటారు! సగం నూడుల్స్ విరిచి, సగం మసాలా పొట్లం చించి, మిగతాది మడతపెట్టి దాచే పిల్లవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మావాడు తిన్నది 1,160 మిల్లీగ్రాములు. సోడియాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది. దాదాపు 2.9 గ్రాములు. పెద్దవాళ్ళకే రోజంతటికీ హద్దు 5 గ్రాముల లోపు. పిల్లలకు వాళ్ళ తిండి అవసరాన్ని బట్టి అది ఇంకా తగ్గాలి. ఒక సాయంత్రం, బడి నుంచి వచ్చి బూట్లు విప్పకముందే, వాడు రోజు కోటాలో సగానికి పైగా ఉప్పు తినేశాడు.

అసలు సోడియం అని ఎందుకు, ఉప్పు అనే రాయవచ్చు కదా? ఐరోపా సమాఖ్యలో ఉప్పు అనే అచ్చు వేయాలి, అమెరికాలో సోడియం అని వేస్తారు. వంటింట్లో సోడియం డబ్బా ఎవరికీ ఉండదు.

ఇంకో తిరకాసు శాతాల్లో ఉంది. రోజువారీ అవసరంలో ఇంత శాతం అని చాలా ప్యాకెట్ల మీద ఒక గడి ఉంటుంది. ఆ రోజువారీ అవసరం ఎవరిది? 2,000 కిలోకేలరీలు తినే పెద్ద మనిషిది. మూత మీద కార్టూన్ కుందేలు, వెనక పెద్దవాళ్ళ లెక్క. ఈ సంగతి కొన్నిటి మీద అడుగున నక్షత్రం గుర్తు పెట్టి రాశారు. నక్షత్రం గుర్తు పెట్టారంటే అక్కడ చదవాల్సింది ఏదో ఉందని మా వృత్తిలో అందరికీ తెలుసు.

పదార్థాల జాబితా నాకు బాగా కలిసొచ్చింది. అందులో ఒక నియమం ఉంది: ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది తరువాత. చాక్లెట్ పూత వేసిన గింజల అల్పాహారం ఒకటి ఉంది, ముందు వైపు ధాన్యపు కంకులు బంగారు రంగులో. జాబితాలో మొదట గోధుమ ఉంది, రెండోది చక్కెర. మంచిదే అనుకుంటూ కిందికి వెళ్తే గ్లూకోజ్ సిరప్, ఇంకా కిందికి ఇన్వర్ట్ సిరప్, ఆ తరువాత మాల్టోడెక్స్‌ట్రిన్, చివర్లో పండ్లరసం కాన్సంట్రేట్. పుస్తకం వెనక పేర్ల సూచికలో ఒకే మనిషి పేరు ఒకచోట ఇంటిపేరుతో, ఇంకోచోట పొడి అక్షరాలతో, మరోచోట బిరుదుతో పడితే అతను ఎన్ని పేజీల్లో ఉన్నాడో తెలియదు. అన్నీ కలిపి ఒక పేరు కింద చేర్చడం సూచిక సరిచూసేవాడి పని. అలా చక్కెర బంధువులందరినీ ఒకచోట చేరిస్తే గోధుమ మొదటి స్థానంలో ఉంటుందా అన్నది నా అనుమానం. పోషకాల గడిలో 100 గ్రాములకు 36 గ్రాముల చక్కెర అని ఉంది. మూడో వంతు దాటింది. అందులోకి మాల్టోడెక్స్‌ట్రిన్ రానే రాదు, అది పిండిపదార్థం లెక్కలోకి పోతుంది. రక్తంలో మాత్రం చక్కెరలాగే వేగంగా కలుస్తుంది.

పండ్లరసం డబ్బా మీద "చక్కెర కలపలేదు" అని ఉంది. నిజమే, కలపలేదు. కానీ పండును పిండి, పీచు తీసేసి, రసాన్ని మాత్రమే తాగితే అందులోని చక్కెరను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ తేనెతో, సిరప్‌లతో పాటు ఒకే గాటన కడుతుంది. ఇలాంటి చక్కెరలన్నీ కలిపి రోజు శక్తిలో పదో వంతు దాటకూడదని, ఇరవయ్యో వంతు లోపు ఉంటే ఇంకా మంచిదని 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. మావాడికి రోజుకు సుమారు 1,800 కిలోకేలరీలు చాలన్నారు డాక్టరు గారు. గ్రాము చక్కెరకు 4 కిలోకేలరీలు కాబట్టి హద్దు 45 గ్రాములు, మంచి హద్దు 22 గ్రాములు. అర లీటరు కూల్ డ్రింకు సీసాలో 100 మిల్లీలీటర్లకు 10.6 గ్రాములు. హెచ్చవేతలు మీరే చేసుకోండి. వాడు ఆ సీసా తాగిన రోజులు పద్నాలుగింట అయిదు.

అందరికంటే ఎక్కువ బాధపడింది మా ఆవిడ, పాలపొడి డబ్బా దగ్గర. మిగతావన్నీ వాడి గొడవ పడలేక కొన్నవి. ఇది మాత్రం వాడి ఎత్తు కోసం, చదువు కోసం మేమే ఏరికోరి కొన్నది. ఒక సర్వింగ్ 20 గ్రాములు అని ఉంది. మామూలుగా వేసే మూడు చెంచాలూ వేయమని, ఆ గిన్నెను వంటింటి త్రాసు మీద పెట్టాను. 34 గ్రాములు. మా ఇంట్లో చెంచా ఎప్పుడూ గోపురంలా ఉంటుంది. 100 గ్రాములకు 38 గ్రాముల చక్కెర లెక్కన కప్పుకు 13 గ్రాములు, రోజుకు రెండు కప్పులు. "పాలు తాగించడానికే కదా" అంది ఆవిడ చాలాసేపటికి. నేనేమీ అనలేదు. అనే అర్హత లేదు.

రాత్రి ఒంటిగంటకు 43 ప్యాకెట్లూ అయిపోయాయి. పిండిపదార్థం గ్రాముకు 4, మాంసకృత్తులు గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9 కిలోకేలరీలు. ఈ మూడూ హెచ్చించి కూడితే పైన అచ్చువేసిన శక్తికి దగ్గరగా రావాలి. సరదాకు అన్నిటికీ కూడి చూశాను. ఒక్క క్రీమ్ బిస్కెట్ల ప్యాకెట్ దగ్గర తేడా వచ్చింది. పిండిపదార్థం 66, మాంసకృత్తులు 6, కొవ్వు 20. మొత్తం 468 రావాలి. అచ్చయింది 368. నాలుగుకు బదులు మూడు. అది మోసమని నేననుకోను. రాత్రిపూట నిద్రకళ్ళతో ఎవడో నాలాంటివాడు వదిలేసిన అంకె. ఆ తప్పు పట్టుకున్నందుకు నాకు కలిగిన సంతోషం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. కొడుకు కాలేయం రిపోర్టు పక్కనే ఉంది. మర్నాడు ఆ కంపెనీకి ఉత్తరం రాశాను.

43లో ఒక్క అచ్చుతప్పు. మిగతాదంతా నిజమే. నా అబద్ధాల వేట అక్కడితో ముగిసింది. చదివేవాడు సర్వింగ్‌ను ప్యాకెట్‌గా, సోడియాన్ని ఉప్పుగా, పెద్దవాడి శాతాన్ని పిల్లవాడి శాతంగా మార్చుకుంటే చాలు, అంతా ముందే చెప్పి ఉంది.

ఇక లేబులే లేని తిండి. పద్నాలుగు రోజుల్లో అయిదుసార్లు బయటి తిండి తిన్నాం, అందులో మూడుసార్లు నేనే ఇంటికి తెప్పించాను, దిద్దాల్సిన అచ్చు ఫారాలు ఆలస్యంగా వచ్చి వంటవేళ దాటిందని. ఒక శనివారం వాణ్ణి వెంటబెట్టుకుని, మేం మామూలుగా వెళ్ళే ఒక గొలుసు దుకాణానికి వెళ్ళి, కౌంటర్‌లో ఉన్న అబ్బాయిని "ఈ బర్గర్‌లో ఉప్పెంత ఉంటుంది బాబూ?" అని అడిగాను. "ఎక్కువేమీ ఉండదండీ, కావాలంటే విడిగా పొట్లం ఇస్తాను" అన్నాడు పాపం. కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికితే చివరకు ఒక పట్టిక దొరికింది. బర్గర్ 520, మధ్యరకం వేపుళ్ళు 340, డ్రింకు 200. కలిపి 1,060 కిలోకేలరీలు. మావాడి రోజులో సగం దాటిపోయింది. సాస్ పొట్లాలు, పైన వేయించుకున్న జున్ను ఆ పట్టికలో వేరే వరుసలు. ఇంత పట్టికైనా పెద్ద దుకాణాలకే ఉంటుంది. వీధి చివర వేయించి ఇచ్చే చోట అడగడానికి కూడా ఏమీ ఉండదు. న్యూయార్క్ నగరం 2008లోనే గొలుసు దుకాణాల మెనూ బోర్డు మీద ధర పక్కనే కేలరీలు వేయించింది. 2018 నుంచి అమెరికా అంతటా 20, అంతకుమించి శాఖలున్నవాళ్ళు వేయాల్సిందే. ఇంగ్లండ్‌లో 2022 ఏప్రిల్ నుంచి 250, ఆపైన సిబ్బంది ఉన్న సంస్థలకు ఇదే నియమం. ఆకలిగా ఉన్నవాడు బోర్డు మీద అంకె చూసి ఆగిపోతాడని నేననను. నేనైతే ఆగేవాణ్ణి కాదు.

ఏ పట్టికలోనూ లేని ఒక అంకె నాకు ఆ రోజు గడియారంలో కనిపించింది. మావాడు ఆ భోజనాన్ని ఏడు నిమిషాల్లో ముగించాడు. ఇంట్లో అయితే వాడికి ముప్పావుగంట, మధ్యలో మూడుసార్లు లేవడం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 2019లో వెలువరించిన పరిశోధన ఒకటి ఉంది. 20 మంది పెద్దవాళ్ళకు రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు పెద్దగా ప్రాసెస్ చేయని తిండి పెట్టారు. వడ్డించిన భోజనాల్లో చక్కెర, ఉప్పు, కొవ్వు, పీచు, శక్తి సమానంగా ఉండేలా చూసి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్రాసెస్ చేసిన తిండి రోజుల్లో వాళ్ళు రోజుకు సుమారు 500 కిలోకేలరీలు ఎక్కువ తిన్నారు, వేగంగానూ తిన్నారు, రెండు వారాలకే దాదాపు కిలో బరువు పెరిగారు. అది పెద్దవాళ్ళ మీద జరిగిన చిన్న పరిశోధన, నిజమే. కానీ నమలకుండానే మింగుడుపడే తిండి, కడుపు నిండిందన్న కబురు తలకు చేరేలోపే అయిపోతుందని మా బల్ల దగ్గర నాకు కనిపించింది.

రెండోసారి డాక్టరు దగ్గరికి వెళ్ళకముందే నేను ఘనకార్యం ఒకటి చేశాను. ఇంట్లో ఉన్నవన్నీ ఒక్కరోజులో పారేశాను. ఫ్రిజ్ తలుపు మీద ఎరుపు, పచ్చ రంగుల్లో పెద్ద పట్టిక అంటించాను. వాడికి లేబుల్ చదవడం నేర్పాను, వాడూ వారం రోజులు ఉత్సాహంగా చదివాడు. ఎంత ఉత్సాహమంటే, ఇంటికొచ్చిన చుట్టాల చేతిలో బిస్కెట్ చూసి "ఒక్కొక్కటి 52 కేలరీలు" అని అరిచేంత. తరువాత తన ప్లేటు చూసి అడగడం మొదలుపెట్టాడు. ఇది తింటే లావైపోతానా, అది తింటే కాలేయం పాడైపోతుందా అని. అది నాకు నచ్చలేదు. మూడో వారం వాడి జామెట్రీ బాక్సులో, కోణమాని కింద, తపాలాబిళ్ళంత చిన్నగా మడిచిన చిప్స్ ప్యాకెట్ దొరికింది. స్నేహితుడికి రంగు పెన్సిళ్ళిచ్చి తీసుకున్నాడట.

డాక్టరు గారు అంతా విని నన్నే మందలించారు. వాడి ముందు బరువు మాట ఎత్తవద్దన్నారు. మంచి తిండి, చెడ్డ తిండి అన్న పేర్లు వద్దన్నారు. వాడికొక్కడికే వేరే తిండి పెడితే అది శిక్షలా ఉంటుంది, మార్చితే ఇల్లంతా మారాలి అన్నారు. లెక్కలు మీ పని, వాడి పని కాదు అన్నారు. ఆ తరువాత నేను గర్వంగా చూపిస్తున్న ప్యాకెట్ల పట్టికను పక్కన పెట్టి, మేం పెద్దగా పట్టించుకోని వేళల కాగితాన్ని తీసుకుని పెన్సిలుతో సున్నాలు చుట్టారు.

నాలుగున్నరకు, అయిదుకు, అయిదుంపావుకు, ఆరుకు. 43 ప్యాకెట్లలో 29 సాయంత్రం నాలుగున్నర, ఆరున్నర మధ్య ఖాళీ అయ్యాయి. వాడు బడి నుంచి వచ్చే వేళ అది. మా ఆవిడ ఆరున్నరకు వస్తుంది, నేను ఏడు దాటాక. వాడు పొద్దున ఎనిమిదికి తిని, పదకొండున్నరకు డబ్బా తిని, ఖాళీ ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆకలితో ఉంటాడు. అందేంత ఎత్తులో ఉన్నవన్నీ ప్యాకెట్లే. "వీడికి ఉన్నది చిరుతిళ్ళ పిచ్చి కాదండీ, ఆకలి" అన్నారు డాక్టరు గారు. నేను రాత్రంతా భూతద్దం పెట్టి చదివింది తప్పు పేజీ.

ఆ పైన చేసింది చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. డ్రింకులు, పండ్లరసం డబ్బాలు కొనడం ఆపేశాం. మొదట అవి ఒక్కటే ఆపమన్నారు, మిగతావాటి జోలికి నెల దాకా పోవద్దన్నారు. పాలపొడిని సగం చేసి, మళ్ళీ సగం చేసి, డబ్బా అయిపోయాక కొనలేదు. ఎనిమిది రోజులు పాలు తాగలేదు, తొమ్మిదో రోజు తాగాడు. పొద్దున వంటతోపాటే సాయంత్రానికీ ఏదో ఒకటి వండి మూతపెట్టి బల్ల మీద ఉంచడం మొదలుపెట్టాం. ఉడికించిన గుడ్లు, తరిగిన పండు, వేరుశనగలు, రాత్రి మిగిలిన కూర. టీవీ ముందు తినడం ఎవరికీ లేదు, నాకు కూడా. నాకే అన్నిటికంటే కష్టమైంది అది. నెలకు రెండుసార్లు బర్గర్ ఉంది. వేపుళ్ళు ముగ్గురికీ కలిపి ఒకటి, తాగడానికి నీళ్ళు. పట్టిక ఫ్రిజ్ మీంచి తీసేశాను, జిగురు మరక ఇంకా ఉంది.

లేబుళ్ళ గురించి మాత్రం నా కోపం పోలేదు. చదవడమే వృత్తిగా ఉన్నవాణ్ణి, ఒక రాత్రంతా భూతద్దం పట్టుకుని, కాగితం మీద హెచ్చవేతలు చేస్తే తేలిన సంగతి ఇది. చంకలో పిల్లను పెట్టుకుని దుకాణంలో నిలబడ్డ మనిషి రెండున్నరతో హెచ్చించాలనడం న్యాయం కాదు. చిలీ దేశం 2016లో ఈ హెచ్చవేతలన్నీ తీసేసింది. చక్కెర, సోడియం, సంతృప్త కొవ్వు, కేలరీలు నిర్ణీత హద్దు దాటితే ప్యాకెట్ ముందు వైపు ఎనిమిది భుజాల నల్లటి ముద్ర పడుతుంది, ఏది ఎక్కువో ఆ మాటతో. ఒక్కో దానికి ఒక్కో ముద్ర. ముద్ర పడిన వాటి మీద కార్టూన్ బొమ్మలుండవు, వాటిని బడుల్లో అమ్మరు. ఆ తరువాత ముద్ర పడిన తీపి పానీయాల కొనుగోళ్ళు దాదాపు 24 శాతం తగ్గాయని ఒక పరిశోధనలో తేలింది. 2020లో మెక్సికో అదే దారి పట్టింది. ఫ్రాన్స్ 2017లో తిండి పోషక విలువను చూపే రంగుల అక్షరాలు, ఏ నుంచి ఇ వరకు, తెచ్చింది, అవి స్వచ్ఛందం. మా భాషలో చెప్పాలంటే, అందరూ తప్పొప్పుల పట్టికను చివరి పేజీలో చిన్న అక్షరాల్లో వేస్తుంటే చిలీవాళ్ళు దాన్ని తెచ్చి అట్ట మీద వేశారు. చదువు రానివాడికి కూడా నల్లముద్రలు లెక్కపెట్టడం వస్తుంది.

ఎనిమిది నెలల తరువాత వాడి ఎత్తు 145 సెంటీమీటర్లు, బరువు 46.5 కిలోలు. ఏఎల్‌టీ 44. చుక్క ఇంకా రెండో గీత దగ్గరే ఉంది, కాకపోతే కిందివైపుకు చూస్తోంది. మెడ మీద నలుపు పలచబడింది, పోలేదు. పోవడానికి ఇంకా చాలా కాలం పడుతుందన్నారు.

నా ఉత్తరానికి ఆ బిస్కెట్ల కంపెనీ నుంచి జవాబు వచ్చింది. పొరపాటును గుర్తించినందుకు ధన్యవాదాలు, తదుపరి ముద్రణలో సవరిస్తాం అని. నా జీవితంలో ఈ వాక్యం కొన్ని వందలసార్లు విన్నాను, సవరించినవాళ్ళు తక్కువ. అందుకే పోయిన వారం సరుకులకు వెళ్ళినప్పుడు ఆ అర దగ్గర ఆగి ఒక ప్యాకెట్ తిప్పి చూశాను. 468. చక్కగా, స్పష్టంగా ఉంది. సర్వింగ్ మాత్రం రెండు బిస్కెట్లే. నా మొహంలో ఏం కనిపించిందో, మావాడు మోచేతి పక్కకు వచ్చి ప్యాకెట్ వైపు తొంగిచూశాడు.

"తప్పు దిద్దేశారా నాన్నా?"

"దిద్దేశారు."

"అయితే కొనుక్కోవచ్చా?"

కొన్నాం, చిన్న ప్యాకెట్.